మరల వ్రాయుటయా, మార్గము మార్చుటయా?

ప్రతి సంవత్సరము వేసవి చివర ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడిన తరువాత, తెలుగునాట వేలాది కుటుంబములయందు ఒకే ప్రశ్న తలయెత్తుచుండును. కోరిన కళాశాలలో సీటు తెచ్చిపెట్టగల ర్యాంకు రాలేదు. వచ్చిన ర్యాంకుతో దొరకు సీటు మనస్సునకు ఎక్కలేదు. ఇట్టి స్థితిలో లాంగ్ టర్మ్ శిక్షణలో చేరి అదే పరీక్షను మఱుసటి యేడు మరల వ్రాయుట మేలా, లేక వేఱొక పరీక్షను, వేఱొక కోర్సును ఆశ్రయించి ముందునకు సాగుట మేలా? ఒకవంక కౌన్సెలింగు గడువులును, మఱియొకవంక శిక్షణ సంస్థల ప్రకటనలును త్వరపెట్టుచుండగా, పదునెనిమిదేండ్ల ప్రాయమున ఒక సంవత్సరమును ఏమి చేయవలయునను మహత్తర విషయము కొలది దినములలో, పెక్కుమార్లు బంధువుల మాటలనుబట్టియు పొరుగింటివారి ఉదాహరణములనుబట్టియు, తేలిపోవుచున్నది. ఇంతటి నిర్ణయమునకు ఇంత స్వల్ప విచారణ చాలదు. కావున పరీక్షల నియమములు ఏమి చెప్పుచున్నవి, పరిశోధకులు ఏమి కనుగొనిరి, ఇతర దేశముల అనుభవమెట్టిది, విద్యార్థి తన్ను తాను ఏ ప్రశ్నలు వేసికొనవలయును అను విషయములను వరుసగ సమీక్షించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగ ఈ సమస్య ఎట్లు పుట్టినదో చూడవలయును. ఒకప్పుడు అర్హత పరీక్షలో వచ్చిన మార్కులనుబట్టియే వృత్తి కళాశాలలలో ప్రవేశములు జరుగుచుండెను. ధనము చెల్లించి సీటు కొను పద్ధతి పెచ్చుపెరిగిన కాలమున, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లో ప్రవేశములను క్రమబద్ధముచేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించు చట్టమును గావించినది. ఆ దశకముననే ఎంసెట్ అను ఉమ్మడి పరీక్ష స్థిరపడినది. సంపన్నుని కుమారుడును, వ్యవసాయ కూలీ కుమార్తెయు ఒకే ప్రశ్నపత్రమును ఎదుర్కొనుట అను న్యాయము దీనివలన సిద్ధించినది. ఆ న్యాయమును తక్కువ చేసి చూచుట తగదు. అయినను రెండేండ్ల ఇంటర్మీడియట్ విద్య యొక్క ఫలితము మూడు గంటల కాలమునకు కుదించబడుటయు, ఆ మూడు గంటలు సరిగ నడువనివానికి ఏడాది పొడవునను నిరీక్షణమే శరణమగుటయు ఆ న్యాయముతోపాటు వచ్చిన భారములు. మరల వ్రాయుట అను ఆలోచన ఆ భారమునుండి పుట్టినదే.

అటుపిమ్మట జరిగిన మార్పులు ఇంజనీరింగు అభ్యర్థులను ఒక దిక్కునకును, వైద్యవిద్య అభ్యర్థులను మఱియొక దిక్కునకును నడిపినవి. ఇంజనీరింగున ద్వారములు అనేకములై నిలిచినవి. 2002లో ఆరంభమైన ఏఐఈఈఈ స్థానమున 2013నుండి జేఈఈ మెయిన్ వచ్చినది. దానిపై ఐఐటీల ప్రవేశమునకు జేఈఈ అడ్వాన్స్‌డ్ నిలిచినది. రాష్ట్ర పరీక్ష వేఱుగ కొనసాగినది. బిట్స్ వంటి సంస్థలు తమ పరీక్షలను తాము జరుపుకొనుచున్నవి. వైద్యవిద్యయందో ద్వారములన్నియు క్రమముగ ఒక్కటిగ కలిసిపోయినవి. 2013లో తొలిసారి జరిగిన నీట్, సుప్రీంకోర్టు తీర్పులచే ఒకసారి రద్దై, 2016లో పునరుద్ధరింపబడి, 2017నుండి రెండు తెలుగు రాష్ట్రములలో ఎంబీబీఎస్ ప్రవేశమునకు ఏకైక మార్గమైనది. ఎయిమ్స్, జిప్‌మర్ సంస్థల ప్రత్యేక పరీక్షలు సైతము 2020నుండి దానిలో లీనమైనవి. కావున ఎంపీసీ విద్యార్థికి పరీక్ష మార్చుట యనగా అదే గమ్యమునకు వేఱొక త్రోవ పట్టుట. బైపీసీ విద్యార్థికి పరీక్ష మార్చుట యనగా పెక్కుమార్లు గమ్యమునే మార్చుకొనుట. ఈ భేదమును గమనింపక ఇరువురికిని ఒకే సలహా చెప్పువారు ఇరువురకును అన్యాయము చేయుచున్నారు.

ఇంజనీరింగు నియమములను కొంత వివరముగ చూతము. జేఈఈ మెయిన్ 2019నుండి ఏటా ఒకటికి మించిన విడతలుగ జరుగుచున్నది; సాధారణముగ జనవరిలో ఒకటి, ఏప్రిలులో ఒకటి. ఈ విడతలలో ఏది మెఱుగైనదో ఆ స్కోరే లెక్కకు వచ్చును. అనగా మొదటి పునఃప్రయత్నము ఆ సంవత్సరములోనే, ఏ త్యాగమును లేకుండ, విద్యార్థికి లభించుచున్నది. జనవరిలో దొరలిన లోపములను గుర్తించి ఏప్రిలునకు సరిదిద్దుకొనిన విద్యార్థి తన అభ్యున్నతి వేగమును తానే కొలిచి చూచుకొన్నవాడగును. ఆ కొలత లాంగ్ టర్మ్ నిర్ణయమునకు అమూల్యమైన సాక్ష్యము. మెయిన్ పరీక్షను వరుసగ మూడు సంవత్సరములు వ్రాయవచ్చును. అడ్వాన్స్‌డ్ పరీక్షకు మాత్రము వరుసగ రెండు సంవత్సరములే అవకాశము. పండ్రెండవ తరగతి అయిన యేడు, దాని మఱుసటి యేడు. 2024 నవంబరులో దీనిని మూడునకు పెంచినట్లు ప్రకటించి, కొలది దినములలోనే ఉపసంహరించుకొనగా, ఆ నడుమ కాలమున కళాశాలలు విడిచిన విద్యార్థులకు 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఉపశమనము కలిగించవలసి వచ్చినది. అంతేకాక, ఒకసారి ఐఐటీలో సీటు స్వీకరించినవాడు తిరిగి అడ్వాన్స్‌డ్ వ్రాయుటకు అర్హుడు కాడు. బిట్‌శాట్‌కు సైతము ఆ సంవత్సరము లేదా అంతకుముందు సంవత్సరము ఉత్తీర్ణులైనవారే అర్హులు. ఇంజనీరింగున రెండవ ప్రయత్నము పెక్కు సందర్భములలో చివరి ప్రయత్నమే యని దీనివలన తెలియుచున్నది.

రాష్ట్ర పరీక్ష స్వభావము వేఱు. ఆంధ్రప్రదేశ్‌లో 2021నుండి, తెలంగాణలో 2024నుండి ఈఏపీసెట్ అను పేర జరుగుచున్న ఈ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు సమాధానమునకు మార్కు కోత లేదు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకు 300 మార్కులు. తప్పునకు ఒక మార్కు పోవును. లోతుగ ఆలోచించి నెమ్మదిగ సాధించువానికి మెయిన్, వేగముగ గుర్తించి ముందునకు సాగువానికి ఈఏపీసెట్ అనుకూలము. మూడు గంటలలో 160 ప్రశ్నలను తాకలేకపోయిన విద్యార్థి మందమతి కాడు. మెయిన్‌లో నష్టపోయిన విద్యార్థికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చుట ఆకస్మికమును కాదు. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని తొలగించగా, ఆంధ్రప్రదేశ్ 25 శాతము వెయిటేజీని పాటించుచున్నది. కావున ఆంధ్రప్రదేశ్ విద్యార్థి మరల వ్రాయదలచినపుడు ఇంటర్ మార్కులు తన ర్యాంకును ఎంతవఱకు వెనుకకు లాగినవో ముందుగ లెక్కించుకొనవలయును. ఎన్‌ఐటీ, ఐఐటీ ప్రవేశములకు ఇంటర్‌లో 75 శాతము మార్కులో, తమ బోర్డులో అగ్రశ్రేణి 20 పర్సెంటైల్ స్థానమో ఉండవలెనను నియమమును మఱచి, ప్రవేశ పరీక్షకు మాత్రమే సిద్ధమగుటయు ప్రమాదకరమే.

ఇక నీట్ విషయము. ఇది ఏడాదికి ఒక్కమారే జరుగును. 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందు సగము, అనగా 360 మార్కులు, జీవశాస్త్రమునకే చెందును. ఎన్నిమారులైనను వ్రాయవచ్చును, గరిష్ఠ వయోపరిమితి 2022లో తొలగింపబడినది. పైకి ఇది ఔదార్యముగ కన్పట్టును. కాని హద్దు లేని ఈ అవకాశమే పెక్కుమందికి హద్దు లేని బంధనమైనది. ఇంజనీరింగు అభ్యర్థికి రెండవ ప్రయత్నానంతరము పెక్కు సందర్భములలో నియమమే ఆగుమని చెప్పుచుండగా, నీట్ అభ్యర్థికి ఆ మాట చెప్పువారెవ్వరును లేరు, తానే చెప్పుకొనవలయును. ఇటీవలి సంవత్సరములలో 20 లక్షలకు పైబడిన అభ్యర్థులు ఈ పరీక్ష వ్రాయుచుండగా, దేశమున ఉన్న ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెము పైబడినవి మాత్రమే. అందును సామాన్యులు భరింపగల ఫీజుతో ప్రభుత్వ కళాశాలలలో ఉన్నవి దాదాపు సగమే. ఎంత బాగుగ చదివినను అందరికిని సీటు రాదు. ఇది అంకగణితము, ఎవరి అసమర్థతయు కాదు. ఈ సత్యమును విద్యార్థికి మొదటనే చెప్పనివారు అతనికి మేలు చేయువారు కారు.

మరల వ్రాయువారు తఱచుగ పొరబడు విషయము ఇంకొకటి కలదు. గత సంవత్సరము ఇన్ని మార్కులకు సీటు వచ్చినది, నాకు ఇంకను ఇన్ని మార్కులు చాలునని వారు లెక్క వేసికొందురు. కాని మార్కు స్థిరమైన కొలమానము కాదు. ర్యాంకు దానితో కదలును. 2024 నీట్ సవరించిన ఫలితములలో సైతము 17 మందికి 720కి 720 మార్కులు వచ్చినవి. 2025లో, భౌతికశాస్త్ర ప్రశ్నలు మిక్కిలి కఠినములగుటచే, ప్రథమ ర్యాంకునకే 686 మార్కులు వచ్చినవి. 2024లో ఒకానొక మార్కు తెచ్చుకొని నిరాశ చెందిన విద్యార్థి, అదే మార్కు 2025లో తెచ్చుకొనినచో ఎంతో మెఱుగైన స్థానమున నిలిచియుండెడివాడు. జేఈఈ మెయిన్‌లో వేర్వేఱు పూటల ప్రశ్నపత్రముల కాఠిన్యమును సమీకరించుటకు పర్సెంటైల్ పద్ధతిని అనుసరింతురు. ఆ పర్సెంటైల్ తనకంటె వెనుకనున్నవారి నిష్పత్తిని తెల్పునే కాని, తెచ్చుకొనిన మార్కుల శాతమును తెల్పదు. కావున రెండవ ప్రయత్నపు లక్ష్యమును మార్కులలో కాక, తోటి అభ్యర్థుల నడుమ తన స్థానములో నిర్ణయించుకొనుట విజ్ఞత.

మఱియు, ఏ పరీక్ష ఫలితమైనను విద్యార్థి శక్తి యొక్క శుద్ధ ప్రతిబింబము కాదు. ఆ దినపు ఆరోగ్యము, నిద్ర, తెలిసిన అధ్యాయమునుండియే ప్రశ్నలు పడుట లేక పడకపోవుట, సందేహాస్పద ప్రశ్నలలో ఊహ ఫలించుట, ఓఎమ్‌ఆర్ పత్రమున ఒక వరుస తప్పుట, ఇవన్నియు దానిలో కలిసియుండును. దురదృష్టము వలన తన మామూలు స్థాయికంటె మిక్కిలి తక్కువ తెచ్చుకొనినవాడు, అదనపు కృషి లేకున్నను, రెండవసారి తన స్థాయికి చేరుట సంభావ్యము. అదృష్టవశమున తన స్థాయిని మించి తెచ్చుకొనినవాడు రెండవసారి దిగిపోవుటయు అంతే సంభావ్యము. తన మామూలు స్థాయి ఏదో తెలిసికొనుటకు ఒక్కటే మార్గము. పరీక్షకు ముందు నిజమైన గడియారపు నిబంధనలతో వ్రాసిన గ్రాండ్ టెస్టుల మార్కులన్నిటిని ఒక కాగితముపై వ్రాసి, తుది ఫలితముతో పోల్చి చూచుట. తుది ఫలితము వాని సగటునకు చేరువగ ఉన్నచో, అది దురదృష్టము కాదు, అదియే స్థాయి. స్థాయిని పెంచు ఉపాయము లేక మరల వ్రాయుట కేవలము ఆశను మరల వ్రాయుటయే యగును.

ఈ విషయమున శాస్త్రీయ పరిశోధనలు ఏమి తెల్పుచున్నవో చూచుట ఉపయుక్తము. జాషువా గుడ్‌మన్, ఒడెడ్ గురాంట్జ్, జొనాథన్ స్మిత్ అను పరిశోధకులు అమెరికాలోని శాట్ పరీక్షపై 2020లో ప్రకటించిన అధ్యయనమున, పరీక్ష వ్రాసినవారిలో సుమారు సగము మంది మాత్రమే మరల వ్రాయుచున్నారనియు, పేద కుటుంబముల పిల్లలలో ఈ నిష్పత్తి ఇంకను తక్కువ యనియు, మరల వ్రాయుటచే స్కోర్లు గణనీయముగ పెరిగి నాలుగేండ్ల కళాశాలలలో చేరిక హెచ్చుచున్నదనియు తేల్చిరి. అదే అధ్యయనమున విశేషమైన అంశమొకటి కలదు. నూఱు గుణిజమునకు కొద్దిగ క్రిందనున్న స్కోరు వచ్చినవారు, ఆ గుణిజమును అందుకొనినవారికంటె ఎక్కువగ పునఃపరీక్షకు పోవుచున్నారు. ఇరువురి శక్తిలోను చెప్పుకొనదగిన భేదము లేదు. అంకె యొక్క రూపమే వారి నిర్ణయమును నడిపినది. టర్కీ దేశపు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షపై వెరోనికా ఫ్రిసాంచో, కళా కృష్ణ, వారి సహచరులు 2016లో ప్రకటించిన అధ్యయనము, పునఃప్రయత్నములలో అభ్యర్థులు నిజముగనే ఎంతో నేర్చుకొనుచున్నారనియు, ఆ లాభము అనుకూల పరిస్థితులు లేని విద్యార్థులలో మఱింత అధికమనియు చూపినది. వీరికి ముందే, 2003లో, జేకబ్ విగ్డార్, చార్లెస్ క్లాట్‌ఫెల్టర్ అనువారు శాట్ పునఃపరీక్షలను పరిశీలించి, అత్యుత్తమ స్కోరును మాత్రమే లెక్కించు విధానము, మరల వ్రాయుట ఎవరికి భారమో వారికే నష్టము కలిగించుచున్నదని హెచ్చరించిరి.

ఈ పరిశోధనల సారము మన పరిస్థితికి ఎట్లు అన్వయించునో ఆలోచింపవలయును. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదివి, గ్రాండ్ టెస్టు అనునది ఎఱుగక, ప్రశ్నల సరళితో మొదటి పరిచయము పరీక్షా మందిరముననే కలిగిన గ్రామీణ విద్యార్థికి రెండవ ప్రయత్నము వాస్తవమున మొదటి ప్రయత్నమే. ఆఱవ తరగతినుండియే ఫౌండేషన్ కోర్సులు చదివి, ఇంటర్ రెండేండ్లు కార్పొరేట్ కళాశాల హాస్టలులో ఉదయమునుండి రాత్రివఱకు అదే అభ్యాసము చేసిన విద్యార్థికి, ఇంకొక సంవత్సరము అదే అభ్యాసము ఎంత క్రొత్త ఫలమునిచ్చును? మొదటివానికి ఎదుగుటకు ఎడము కలదు. రెండవవాని ఎదుగుదల చాలవఱకు జరిగిపోయినది. అయినను మన సమాజమున లాంగ్ టర్మ్ బ్యాచీలలో చేరగలుగువారు అధికముగ రెండవ తరగతివారే. మొదటివారిని హాస్టలు ఫీజు, కుటుంబావసరములు ఆపివేయుచున్నవి. ఎవరికి పునఃప్రయత్నము ఎక్కువ ప్రయోజనకరమో వారికే అది దుర్లభమగుట శోచనీయము.

అమెరికాలో నివసించు తెలుగు కుటుంబములలో ఈ ప్రశ్న వేఱొక రూపమున వినవచ్చుచున్నది. అచ్చట శాట్, యాక్ట్ అను రెండు పరీక్షలు కలవు; మొదటిది 1926లోను, రెండవది 1959లోను ఆరంభమైనవి; సాధారణముగ విశ్వవిద్యాలయములు రెంటినిగూడ సమానముగ అంగీకరించును. రెండును ఏటా పలుమార్లు జరుగును. కావున మరల వ్రాయుట యనగా సంవత్సరమును కోల్పోవుట కాదు, కొన్ని వారముల సాధనయును ఒక ఉదయమును మాత్రమే. 1600 స్కోరు గల శాట్ 2024నుండి అమెరికాలో పూర్తిగ డిజిటల్ రూపము దాల్చి, మొదటి భాగమున అభ్యర్థి చూపిన శక్తినిబట్టి రెండవ భాగపు ప్రశ్నలను మార్చుకొనుచున్నది. 36 స్కోరు గల యాక్ట్‌లో 2025నుండి సైన్సు విభాగము ఐచ్ఛికమైనది. ఈ రెంటి స్కోర్లను పోల్చు పట్టికను ఉభయ సంస్థలును కలిసి 2018లో ప్రకటించినవి. కావున అచ్చటి విద్యార్థికి మార్గము సుస్పష్టము: రెండు పరీక్షల పూర్తి నమూనాలను గడియారము పెట్టుకొని వ్రాసి, పట్టికతో పోల్చి, ఒకదానియందు స్పష్టమైన ఆధిక్యము కనబడినచో దానికి మారవలయును, లేనిచో ఉన్న పరీక్షయందే నిలిచి లోపములను దిద్దుకొనవలయును. రెంటికిని ఏకకాలమున సిద్ధమగుట శ్రమను చీల్చుటయే. అయితే విశ్వవిద్యాలయముల విధానములు స్థిరముగ లేవు. మహమ్మారి కాలమున స్కోరును ఐచ్ఛికము చేసిన సంస్థలలో ఎంఐటీ 2022లోను, డార్ట్‌మత్, యేల్, హార్వర్డ్ వంటివి 2024లోను దానిని తిరిగి కోరనారంభించగా, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ప్రవేశ నిర్ణయమున దానిని చూచుటయే మానివేసినది. దరఖాస్తు చేయదలచిన సంస్థ స్కోరును చూడనే చూడనిచో మరల వ్రాయుట వృథాశ్రమ.

ప్రాచ్య దేశముల అనుభవము మనకు మఱింత సన్నిహితము. జపానులో కోరిన విశ్వవిద్యాలయమున సీటు రాని విద్యార్థులు ఏడాదిపాటు ప్రత్యేక పాఠశాలలలో సిద్ధమై మరల పరీక్షలు వ్రాయుట చిరకాలపు ఆచారము. చైనాలో సాంస్కృతిక విప్లవకాలమున నిలిచిపోయిన గావ్‌కావ్ పరీక్ష 1977లో పునరుద్ధరింపబడినపుడు 57 లక్షల మంది వ్రాయగా సుమారు 2,73,000 మందికి మాత్రమే ప్రవేశము లభించినది. మరల వ్రాయు అలవాటు అచ్చట నేటికిని కొనసాగుచున్నది. ఎచ్చట ఉన్నత విద్యాసంస్థల నడుమ గౌరవాంతరము మిక్కుటమో, ఎచ్చట పరీక్ష ఏడాదికి ఒక్కమారో, అచ్చటనెల్ల యౌవనమునుండి ఒక సంవత్సరమును పణముగ పెట్టు అలవాటు ప్రబలుచున్నది. విద్యార్థుల స్వభావమునకంటె పరీక్షల నిర్మాణమే దీనికి ప్రధాన కారణము.

ఇక నిర్ణయమునకు మూలసూత్రమేది యని అడిగినచో, మా అభిప్రాయము ఇది. సీటు కావలెనను కోరిక మరల వ్రాయుటకు తగిన హేతువు కాదు. ఆ కోరిక అందరికిని సమానమే. మొదటిసారి ఏది లోపించినదో పేరు పెట్టి చెప్పగలుగుటయు, ఆ లోపము ఒక సంవత్సర కాలముతో తీరునదగుటయు, ఈ రెండును కలిసియే హేతువగును. పంట ఎందుకు పోయినదో తెలియక అదే విత్తనమును అదే పొలమున మరల చల్లిన రైతునకు రెండవ కారునందును నష్టమే మిగులును. నీట్ వ్రాసిన విద్యార్థిని జీవశాస్త్రమున తొంబది ప్రశ్నలలో అత్యధికము సరిగ చేసి, భౌతికశాస్త్రమున సగము విడిచిపెట్టినదనుకొందము, లోపమేదో స్పష్టము, యాంత్రికశాస్త్రము, విద్యుచ్ఛక్తి వంటి అధ్యాయములను ఓర్పుతో నేర్చుకొనినచో తీరునదే, ఆమెకు ఒక సంవత్సరమిచ్చుట న్యాయము. పరీక్షకు నెల ముందు జబ్బుపడినవానికి, కుటుంబమున విపత్తు సంభవించినవానికి, రెండవ సంవత్సరపు పాఠ్యభాగము కళాశాలలో పూర్తియే కానివానికి సైతము హేతువు స్పష్టమే. కాని మూడు శాస్త్రములయందును సమానముగ అంతంతమాత్రపు ఫలితము వచ్చినవాడు, రెండేండ్లు శక్తివంచన లేక చదివినవాడు, లోపమేమని అడిగినపుడు ఇంకను గట్టిగ చదివెదనని మాత్రమే చెప్పగలవాడు, ఒకసారి ఆగి వేఱొక మార్గమును శ్రద్ధతో పరిశీలించుట శ్రేయస్కరము.

కాల వ్యయమును గమ్యముతో తూచి చూచుటయు అవసరము. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిసి అయిదున్నర సంవత్సరములు. పైన పీజీ విద్య. ఇంత దీర్ఘమైన ప్రయాణమున ఒక సంవత్సరము ఆలస్యము ప్రాణాంతకము కాదు. అయితే ఒకటి రెండై, రెండు మూడైనచో, తోటివారు పట్టభద్రులగు సమయమునకు ఇతడు ఇంకను ప్రవేశద్వారము వద్దనే నిలిచియుండును. బీటెక్ విషయమున ఆలోచన వేఱు. నాలుగేండ్ల చదువులో విద్యార్థి స్వయముగ నేర్చుకొను నైపుణ్యము చాల ముఖ్యము గనుక, కొంచెము మెఱుగైన కళాశాలకొఱకు ఒక సంవత్సరము వెచ్చించుట అన్నివేళల లాభము కాదు. తాను కోరిన బ్రాంచీ రాదగిన కళాశాలలో చేరి, ఆ సంవత్సరమును ఆ విద్యయందే వినియోగించినవాడు పెక్కుమార్లు ముందుండును.

వ్యయమనగా ధనము మాత్రమే కాదు. గదిలో ఒంటరిగ గడపు సంవత్సరము, ప్రతి వారాంతపు పరీక్షలో హెచ్చుతగ్గులగు ర్యాంకు, కళాశాలలలో చేరిన స్నేహితుల నూతన జీవితము, ఇవి పదునెనిమిదేండ్ల మనస్సుపై మోపు బరువును పెద్దలు తేలికగ చూడరాదు. విశాఖపట్నమున నీట్ శిక్షణ పొందుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలలోను శిక్షణ కేంద్రములలోను విద్యార్థుల మానసికారోగ్య రక్షణకు దేశవ్యాప్తముగ మార్గదర్శకములను జారీచేయవలసి వచ్చినదనిన, సమస్య తీవ్రత తెలియగలదు. నిద్ర చెడినవానిని, తిండి మానినవానిని, నేనెందుకును పనికిరాననువానిని మరల అదే బ్యాచీలో చేర్చుటకు ముందు వైద్యుని కడకు తీసికొనిపోవుట తలిదండ్రుల ప్రథమ కర్తవ్యము. ఏ సీటును బిడ్డ ప్రాణమునకు సమానము కాదు.

ఇచ్చటనే నిర్ణయాధికారము ఎవరిదను ప్రశ్న వచ్చును. ఖర్చు భరించువారు తలిదండ్రులు గనుక వారి మాటకు విలువ కలదు. కాని ఆ సంవత్సరమును జీవింపవలసినవాడు విద్యార్థి. తండ్రి ఆశయే ప్రధానమై, బిడ్డ మౌనమునే అంగీకారముగ భావించి చేర్చిన లాంగ్ టర్మ్‌లో కృషి సగమే యగును. ఇంకొక అన్యాయమును గూడ చెప్పక తప్పదు. కుమారునకు రెండవ, మూడవ అవకాశమును సంకోచింపక ఇచ్చు ఇండ్లలోనే, కుమార్తె మరల వ్రాసెదననినపుడు పెండ్లి వయస్సును గుర్తుచేయుట నేటికిని వినుచున్నాము. లోపమును పేరు పెట్టి చెప్పగల కుమార్తె, చెప్పలేని కుమారునికంటె ఆ సంవత్సరమునకు ఎక్కువ అర్హురాలు.

మార్గము మార్చుటను పరాజయముగ తలంచు దురభిప్రాయము తొలగవలయును. బైపీసీ చదివినవారికి ఈఏపీసెట్ ద్వారా వ్యవసాయ శాస్త్రము, ఫార్మసీ కలవు. నీట్ ర్యాంకుతోనే ఆయుర్వేదము, హోమియోపతి కలవు. విజ్ఞానశాస్త్రమున పరిశోధనాభిలాష గలవారికి ఐసర్ సంస్థల ప్రవేశ పరీక్ష కలదు. కేంద్రీయ విశ్వవిద్యాలయములకు 2022నుండి సీయూఈటీ కలదు. అయితే మార్పు రెండు విధములు. తాను నిజముగ అభిమానించు విద్యకొఱకు మారుట ఒకటి. నలుగురిలో తలయెత్తుకొనుటకు ఏదో ఒక సీటు చాలునని మారుట మఱియొకటి. రెండవ విధమున చేరినవాడు ఏడాది తిరుగకమునుపే విడిచి మరల పూర్వ పరీక్షకే వచ్చుట కద్దు. చేరిన సీటును నిలుపుకొనుచు మరల వ్రాయదలచువారు, చివరి విడతల అనంతరము సీటు వదలినచో పోవు ధరావతును, కలుగు జరిమానాలను, మఱుసటి సంవత్సరపు అనర్హతలను తెల్పు కౌన్సెలింగు నియమావళిని చేరకమునుపే ఆమూలాగ్రముగ చదువవలయును.

ప్రభుత్వముల బాధ్యతను గూర్చి చెప్పనిచో ఈ సమీక్ష అసంపూర్ణము. 2015లో అక్రమముల కారణమున వైద్యవిద్య ప్రవేశ పరీక్షయగు ఏఐపీఎంటీ రద్దై దేశమంతటను అభ్యర్థులు మరల వ్రాసిరి. 2016లో తెలంగాణలో ప్రశ్నపత్రము వెల్లడియగుటచే ఎంసెట్ రెండవ పరీక్ష రద్దై మూడవ ఎంసెట్ జరిగినది. తమ తప్పు లేకయే ఆ విద్యార్థులు పునఃపరీక్షా క్లేశమును అనుభవించిరి. పరీక్ష ఏకైక ద్వారమైన కొలదియు దాని పవిత్రతను కాపాడవలసిన బాధ్యత ద్విగుణమగును. జేఈఈ మెయిన్‌వలె నీట్‌ను సైతము ఏడాదికి రెండుమారులు జరుపుట, ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో చదివిన పేద విద్యార్థులకు ఒక సంవత్సరము ఉచిత వసతితో కూడిన శిక్షణ నిచ్చుట, ప్రతి కళాశాలయందు మార్గదర్శనమునకు సమర్థులైన ఉపాధ్యాయులను నియమించుట, ఇవి సాధ్యములైన సంస్కరణలు. రెండవ అవకాశము ధనమున్నవాని హక్కుగ కాక, అవసరమున్నవాని హక్కుగ మారవలయును.

సమీక్షించిన విషయములన్నిటిని బట్టి మా తీర్మానము ఇది. లోపమును పేరు పెట్టి చెప్పగలిగి, అది సంవత్సరములో తీరునదై, నియమములు అవకాశమిచ్చి, శరీరమును మనస్సును స్వస్థముగ ఉండి, విద్యార్థి స్వేచ్ఛగ కోరినచో, ఒక్కసారి మరల వ్రాయుట సర్వథా సమంజసము. ఆ సంవత్సరమునందును రెండవ ద్వారమొకటి తెఱచియుంచుకొనుట వివేకము. ఈ నియమములలో ఏ ఒక్కటి లోపించినను మార్గము మార్చుటయే ఉత్తమము. రెండవ ప్రయత్నమునకు పిదప మూడవదానిని కోరువాడు, మొదటి రెంటికంటె భిన్నముగ తానేమి చేయబోవుచున్నాడో వ్రాతమూలకముగ తనకు తాను చెప్పుకొనగలిగిననే తప్ప, ముందునకు పోరాదు. ప్రవేశ పరీక్ష విద్యకు ద్వారము మాత్రమే. ద్వారము వద్ద ఎన్నాళ్ళు నిలువవలయునను నిర్ణయమును ఆశకును, భయమునకును, లోకుల నోటికిని కాక, విచారణకు అప్పగించినవాడు, ఏ మార్గమున పోయినను తన యౌవనమును సార్థకము చేసికొనును.